"మీ మాత్రతో క్యాన్సర్ వస్తుందట" అన్న వార్త కనపడితే ఏం చేయాలి?

బీపీ మాత్ర వాడితే క్యాన్సర్ వస్తుందట, నిజమేనా? షుగర్ మాత్ర మానేయమంటున్నారు, మానేయమంటారా? గ్యాస్ మాత్ర ఇన్నేళ్లుగా మింగుతున్నాను, ఇప్పుడెలా? ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు ఉండే తెలుగువాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ ఇవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. మందు మార్చడమైనా ఆపడమైనా మీ డాక్టరే చేయాలి. మీరు ఆయన దగ్గరికి సరైన కాగితంతో, సరైన ప్రశ్నతో వెళ్లేలా చూడటం నా పని.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ నాకు ఒకటే టెన్షన్. ఎవరెవరు ఇంట్లో చెప్పకుండా మాత్ర మానేస్తారో అని. ఆ మందుతో క్యాన్సర్ వస్తుందో రాదో తేలడానికి ఏళ్లు పడుతుంది. మానేసిన బీపీ మందు వల్ల పక్షవాతం రావడానికి అంత టైం అక్కర్లేదు.

ముందు ఈ హెచ్చరిక చదవండి

కింద రాసినవి మీ మందుల్లో ఉంటే, వార్త ఎంత భయంకరంగా ఉన్నా, డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క పూట కూడా ఆపకండి.

- అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి గుండె, బీపీ మాత్రలు. ఒక్కసారిగా ఆపితే గుండెనొప్పి తిరగబెడుతుంది. క్లోనిడిన్ ఆపితే బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది.
- స్టెంట్ వేసినవాళ్లు వాడే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్. ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు.
- ఇన్సులిన్.
- మూర్ఛ మందులు.
- వారాల తరబడి వాడుతున్న ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు.
- క్యాన్సర్ చికిత్సలోనే ఉన్నవాళ్ల టామాక్సిఫెన్, ఇమాటినిబ్ లాంటివి.

కావలసినవి

ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా. ఆంధ్రా వైపు డాక్టరు రాసిన చీటీలు, ఒడిశా వైపు ఆసుపత్రి చీటీలు రెండూ. ఒక తెల్లకాగితం, పెన్ను. ఇంటర్నెట్ ఉన్న ఫోన్. బీపీ మిషన్, గ్లూకోమీటర్ ఉంటే మంచిదే, లేకపోతే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవచ్చు. ఇంట్లో ఇంగ్లిష్ చదవగలిగే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

1. మందుల కాగితం రాయండి

దీనికి ఓ గంట పడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతున్నాను.

మందులన్నీ మంచం మీద పోయండి. డాక్టరు రాసినవే కాదు. ఒళ్లు నొప్పులకి షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆయుర్వేదం పొడులు, ఊళ్లో ఆర్‌ఎంపీ కాగితంలో చుట్టి ఇచ్చినవి, సర్కారు ఆసుపత్రి కౌంటర్లో ఉచితంగా ఇచ్చినవి, అన్నీ. ఇప్పుడు ఒక్కో స్ట్రిప్ తీసుకుని వెలుతురులోకి పట్టండి. పెద్దగా కనపడేది కంపెనీ పెట్టిన పేరు కావచ్చు. మనకి కావాల్సింది దాని పక్కనో పైనో ఉండే అసలు మందు పేరు. టెల్మా అని ఉంటే టెల్మిసార్టాన్. గ్లైకోమెట్ అని ఉంటే మెట్‌ఫార్మిన్. రాంటాక్, జింటాక్, ఎసిలాక్ మూడింటిలోనూ ఉండేది రానిటిడిన్. వార్తల్లో వచ్చేది అసలు మందు పేరు, మనకి తెలిసింది కంపెనీ పేరు. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

కాగితం మీద ఒక్కో మందుకీ ఇవి రాయండి: అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు, ఎప్పటినుంచి, ఏ జబ్బుకి, ఎవరు రాశారు. మందు పేరు మాత్రం స్ట్రిప్ మీద ఉన్నట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో దించండి. బరంపురం డాక్టరుకి తెలుగు రాకపోవచ్చు, విశాఖ డాక్టరుకి ఒడియా చీటీ అర్థం కాకపోవచ్చు. ఇంగ్లిష్‌లో ఉన్న పేరు ఇద్దరూ చదువుతారు. "ఎందుకు, ఎప్పుడు" అన్నది తెలుగులో రాసుకుంటే ఇంట్లో అమ్మకో నాన్నకో పనికొస్తుంది.

ఇప్పుడు ఒకే పేరు రెండుసార్లు వచ్చిందేమో చూడండి. సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇది తరచూ జరుగుతుంది. ఒడిశా సర్కారు ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద ఉచితంగా ఇచ్చే మందుల్లో ఆమ్లోడిపిన్ తెచ్చుకుంటారు. శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఇంకో డాక్టరు టెల్మా ఏఎం రాస్తారు. అందులో టెల్మిసార్టాన్‌తో పాటు ఆమ్లోడిపిన్ కూడా ఉంటుంది. రెండూ మింగితే ఆమ్లోడిపిన్ రెట్టింపు అవుతుంది. కొద్ది రోజులకి చీలమండలు వాయొచ్చు. "ఈ బీపీ మాత్రలు ఒంటికి పడలేదు, ఇక క్యాన్సరే" అని భయం పుట్టేది ఆ వాపు చూసే. ఇలా రెండుసార్లు వచ్చిన పేరు చుట్టూ ఎర్ర సున్నా చుట్టండి. క్యాన్సర్ సంగతి తర్వాత, ముందు డాక్టరుకి చూపించాల్సింది అది.

స్ట్రిప్ కత్తిరించి ఇచ్చే షాపుల్లో కొంటే బ్యాచ్ నంబరు ఉన్న ముక్క కూడా అడిగి తీసుకోండి. ఇంట్లో కూడా ఆ ముక్కని ఆఖర్న వాడండి. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే అసలు పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ కనపడతాయి.

2. తప్పు మందుదా, బ్యాచ్‌దా?

వార్తలో "మందు వెనక్కి తీసుకున్నారు" అని ఉంటే మొదట తేల్చుకోవాల్సింది ఇది.

2018 జులైలో వల్సార్టాన్ అనే బీపీ మందుని చాలా దేశాల్లో వెనక్కి తీసుకున్నారు. చైనాలో ఒక ఫ్యాక్టరీలో తయారైన ముడిసరుకులో ఎన్‌డీఎంఏ అనే కల్తీ పదార్థం దొరికింది. అది జంతువుల్లో క్యాన్సర్ తెప్పించే పదార్థం. వల్సార్టాన్‌లో తప్పులేదు, తయారు చేసిన పద్ధతిలో ఉంది. అప్పుడు కూడా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రోగులకి చెప్పిందేమిటంటే, వేరే మందు చేతికొచ్చేదాకా ఉన్నదే వాడండి, ఆపకండి అని. డెన్మార్క్‌లో ఆ మందు వాడిన 5,150 మందిని వెనక్కి వెళ్లి పరిశీలిస్తే, సగటున నాలుగున్నరేళ్ల కాలంలో మొత్తం మీద క్యాన్సర్లు చెప్పుకోదగ్గంత పెరిగినట్టు కనపడలేదు.

రానిటిడిన్ కథ వేరు. దాంట్లో ఎన్‌డీఎంఏ ఆ మందులోనే, నిల్వ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ పెరుగుతుందని తేలింది. 2020 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ దాన్ని అమెరికా మార్కెట్ నుంచి తీసేయమంది. 2022 సెప్టెంబరులో మన అత్యవసర మందుల జాబితాలోంచి కూడా అది పోయింది. జాబితాలోంచి తీయడం వేరు, నిషేధించడం వేరు అని గుర్తుంచుకోండి. దానికి బదులు వాడగలిగే మందులు చాలా ఉన్నాయి కాబట్టి డాక్టరుని అడిగి మార్చుకోవడం తేలిక.

అంటే బ్యాచ్ సమస్య అయితే వేరే కంపెనీది లేదా వేరే బ్యాచ్ తీసుకుంటే సరిపోతుంది. మందు సమస్య అయితే మందే మారాలి. రెండింట్లోనూ "ఏమీ వాడకుండా ఉండటం" అన్నది జవాబు కాదు.

3. ఎవరి మీద చేశారో చూడండి

ఎలుకల మీదా, గాజు గిన్నెలో కణాల మీదా, మనుషుల మీదా? మందు వెనక్కి తీసుకున్న వార్త కాకుండా మొదటి రెండూ అయితే ఆ వార్త పక్కన పెట్టి పడుకోండి. మనుషుల మీద అయితే ఎలాంటి మనుషులు, ఏ మోతాదు, ఎన్నేళ్లు?

హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) చాలా బీపీ మాత్రల్లో కలిసి ఉంటుంది. దానికి, చర్మ క్యాన్సర్‌కి సంబంధం ఉందని డెన్మార్క్ అధ్యయనాలు 2017, 2018లో చెప్పాయి. ఆ సంబంధం బలంగా కనపడింది తెల్లచర్మం వాళ్లలో, ఏళ్ల తరబడి వాడి పెద్ద మొత్తం ఒంట్లోకి వెళ్లినవాళ్లలో. 2020లో ఎఫ్‌డీఏ వేసిన లెక్క ప్రకారం మొత్తం మీద ఏడాదికి దాదాపు 16,000 మందిలో ఒక్కరికి అదనంగా వస్తుంది. ఆ ఒక్కటీ ఎక్కువగా ముదరకముందే కోసి తీసేయగలిగే రకం. వార్తలో ఇవేవీ రాయరు. "బీపీ మందుతో క్యాన్సర్" అని మాత్రం పెద్దక్షరాల్లో వేస్తారు.

4. పది వేల మందిలో ఎంతమందికి?

ఈ ఒక్క ప్రశ్న నేర్చుకుంటే చాలా భయాలు తగ్గుతాయి. శాతం చూసి భయపడకండి, తలకాయలు లెక్కపెట్టండి.

2002లో అమెరికాలో పెద్ద పరీక్ష ఒకటి మధ్యలో ఆగిపోయింది. ముట్లు ఆగిన ఆడవాళ్లకి రెండు హార్మోన్లు కలిపి ఇచ్చి చూశారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని వార్త. ఆ 26 శాతం అంటే ఎంత? ఉత్తుత్తి మాత్ర వేసుకున్న పది వేల మందిలో ఏడాదికి 30 మందికి వస్తే, హార్మోన్లు వేసుకున్న పది వేల మందిలో 38 మందికి వచ్చింది. తేడా ఎనిమిది మంది. అది చిన్న విషయమని నేను అనను. ఆ ఎనిమిది మంది కూడా ఎవరి ఇంట్లోనో అమ్మలే. కానీ 26 శాతం అని విన్నప్పుడు మీ మనసులో మెదిలింది, అసలు లెక్క ఒకటేనా అన్నది ఆలోచించండి. ఆ ఎనిమిదిని ఒక పక్కన, మందు వల్ల మీకు ఒరిగే మేలుని ఇంకో పక్కన పెట్టి చూడాలి. వేడి ఆవిర్లకి కొన్నాళ్లు వాడేవాళ్ల లెక్క వేరు, ఏళ్ల తరబడి ఊరికే వాడేవాళ్ల లెక్క వేరు.

వార్తలో శాతం మాత్రమే ఇచ్చి తలకాయల లెక్క ఇవ్వకపోతే అది సగం వార్తే. మూలం వెతకాలి, అది ఆరో మెట్టులో చెబుతాను.

ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ "మొదటి గ్రూపు", "రెండో గ్రూపు" అని వేస్తుంది. అది సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. పొగాకు, ప్రాసెస్ చేసిన మాంసం రెండూ మొదటి గ్రూపులోనే ఉన్నాయి. రెండింటి ప్రమాదం ఒకటి కాదని మీకూ తెలుసు.

5. ముందు ఏది వచ్చింది, మందా, జబ్బా?

పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ బయటపడకముందే కొందరికి షుగర్ వస్తుంది. డాక్టరు షుగర్ మాత్ర రాస్తారు. ఆరు నెలల తర్వాత క్యాన్సర్ దొరుకుతుంది. కాగితాలు మాత్రమే చూసినవాళ్లకి మాత్ర ముందు, క్యాన్సర్ తర్వాత. నింద మాత్ర మీద పడుతుంది. కడుపు క్యాన్సర్ తొలి దశలో మంట పుట్టి గ్యాస్ మాత్ర మొదలెట్టినవాళ్ల విషయంలోనూ ఇంతే. అందుకే మందు మొదలెట్టిన కొద్ది నెలల్లోనే వచ్చిన క్యాన్సర్లని లెక్కలోంచి తీసేశారా లేదా అని మంచి అధ్యయనాల్లో రాసి ఉంటుంది.

దీంట్లో మీకు పనికొచ్చే మాట కూడా ఉంది. యాభై దాటాక, ఇంట్లో ఎవరికీ లేని షుగర్ కొత్తగా వచ్చి, దాంతోపాటు కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, మాత్ర మింగి ఊరుకోకండి. డాక్టరుకి ఆ రెండూ కలిపి చెప్పండి.

అలాగే షుగర్ జబ్బు ఉన్నవాళ్లకి కాలేయం, పాంక్రియాస్, గర్భసంచి, పెద్దపేగు క్యాన్సర్లు మామూలు వాళ్లకంటే ఎక్కువగా కనపడతాయి. షుగర్ మందు వాడేవాళ్లని ఏ జబ్బూ లేనివాళ్లతో పోల్చితే మందు దోషిగా కనపడటం ఖాయం. పోల్చాల్సింది ఒక షుగర్ మందు వాడేవాళ్లని ఇంకో షుగర్ మందు వాడేవాళ్లతో. 2009లో గ్లార్జిన్ ఇన్సులిన్ మీద ఇలాంటి అనుమానమే లేచింది. తర్వాత 12,537 మందిని చీట్లు తీసినట్టు రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకి గ్లార్జిన్, ఇంకో గుంపుకి మామూలు చికిత్స ఇచ్చి ఆరేళ్లకి పైగా చూశారు. 2012లో ఫలితం వచ్చింది, రెండు గుంపుల్లోనూ క్యాన్సర్లు ఒకేలా ఉన్నాయి.

దీనికి తిరగేసి కూడా మోసపోతాం. మెట్‌ఫార్మిన్ క్యాన్సర్‌ని తగ్గిస్తుందని చాలాకాలం చెప్పుకున్నారు. షుగర్ లేని, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన 3,649 మంది మీద చీట్ల పద్ధతిలో చూసి 2022లో ప్రచురిస్తే, క్యాన్సర్ తిరగబెట్టకుండా అది ఆపలేదని తేలింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరీక్షలో, క్యాన్సర్ రాకుండా ఇచ్చిన బీటా కెరోటిన్ మాత్ర వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. "విటమినే కదా, ఏం చేస్తుంది" అని చుట్ట మానకుండా మాత్ర మింగేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

6. మూలం వెతకండి

పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్ ఉచితం. మందు అసలు పేరు, పక్కన క్యాన్సర్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. వందలకొద్దీ వస్తాయి. ఎడమ పక్కన ఉండే గళ్లలో మెటా ఎనాలిసిస్ (చాలా అధ్యయనాలు కలిపి చూసినవి), రాండమైజ్డ్ ట్రయల్ (పైన చెప్పిన చీట్ల పద్ధతివి) అన్న రెండే టిక్ పెట్టండి. పైన కనపడే చిన్న సారాంశంలో ఆఖరి నాలుగు వాక్యాలు చదివితే చాలు.

అందులో రెండు అంకెల మధ్య గీత పెట్టి, ప్రమాదం ఇంత నుంచి ఇంత దాకా ఉండొచ్చు అని ఒక విరామం ఇస్తారు. డెన్మార్క్ వల్సార్టాన్ అధ్యయనంలో అది 0.85 నుంచి 1.41. ఒకటి అంటే తేడా లేదని. విరామం ఒకటికి అటూ ఇటూ పరుచుకుని ఉంటే, తేడా ఉందని ఆ అధ్యయనం తేల్చలేదని అర్థం. రెండు అంకెలూ ఒకటి దాటి ఉంటే అప్పుడు నాలుగో మెట్టుకి వెళ్లి తలకాయల లెక్క వెతకండి.

ఒక్క అధ్యయనంతో ఆగకండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ కుటుంబం మందులు వాడినవాళ్లలో కొత్త క్యాన్సర్లు 7.2 శాతం, వాడనివాళ్లలో 6 శాతం అని 2010లో ఒక పెద్ద పత్రికలో వచ్చింది. ఎఫ్‌డీఏ ఇంకా ఎక్కువ పరీక్షల వివరాలు కలిపి చూసి, ప్రమాదం పెరగలేదని 2011లో చెప్పింది. మొదటిది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, రెండోది ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మన దేశంలో బ్యాచ్‌ల సంగతి కావాలంటే కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ సైట్లో నాణ్యత లేదని తేలిన బ్యాచ్‌ల జాబితా నెలనెలా పెడతారు. మీ స్ట్రిప్ మీది నంబరుతో పోల్చుకోండి. కంపెనీ పేరు ఒకటైతే చాలదు, బ్యాచ్ నంబరు అక్షరం అక్షరం కలవాలి.

ఇదంతా మీవల్ల కాకపోతే పర్వాలేదు. మొదటి మెట్టు పూర్తి చేసి నేరుగా ఏడుకి వెళ్లండి.

7. డాక్టరు దగ్గర

మందుల కాగితం, వార్త ఫోటో రెండూ చూపించండి. "ఇది వాడితే క్యాన్సరా?" అని అడిగితే "ఏం కాదు, వాడండి" అనే జవాబు వస్తుంది, మీ భయం మాత్రం అలాగే ఉంటుంది. ఇలా అడిగి చూడండి:

- ఈ మందు నాకు ఎందుకు? ఆపితే ఏమవుతుంది?
- దీని బదులు ఇదే పని చేసే వేరే మందు ఉందా? ఖర్చెంత?
- నా వయసుకి, నా ఇతర జబ్బులకి ఇందులో జాగ్రత్త పడాల్సిందేమైనా ఉందా?

మూడో ప్రశ్న చాలా ముఖ్యం. పియోగ్లిటాజోన్ అనే షుగర్ మాత్రని మూత్రాశయ క్యాన్సర్ భయంతో 2013 జూన్‌లో మన ప్రభుత్వం ఆపి, జులై ఆఖరుకి హెచ్చరిక ముద్రించాలన్న షరతుతో తిరిగి అనుమతించింది. మూత్రంలో రక్తం పడుతున్నవాళ్లు, ఇంతకుముందు మూత్రాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లు అది వాడుతుంటే డాక్టరుకి వెంటనే తెలియాలి. మిగతావాళ్ల లెక్క వేరు.

మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు క్యాన్సర్ గురించి కాదు, కిడ్నీ గురించి అడగాలి. ఉద్దానం ఆ పక్కనే ఉంది, కిడ్నీ జబ్బు ఈ ప్రాంతానికి కొత్త కాదు. క్రియాటినిన్ అనే రక్త పరీక్ష చేసి, కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ లెక్క కట్టిస్తారు. అది 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు, 45 కంటే తగ్గితే మోతాదు తగ్గించాలేమో చూస్తారు. దాంతోపాటు నొప్పి మాత్రలు ఎన్ని మింగుతున్నారో దాచకుండా చెప్పండి.

రెండు రాష్ట్రాల్లో ఇద్దరు డాక్టర్లు ఉంటే, ఇద్దరికీ ఒకే కాగితం చూపించండి. మార్పు ఎవరు చేశారో తేదీతో రాయించుకోండి. విశాఖ దాకా వెళ్లలేనివాళ్లకి ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లో డాక్టరుతో ఉచితంగా మాట్లాడే వీలుంది.

8. భయం తీరాలంటే చేయించుకోవాల్సిన పరీక్ష

మందు గురించి ఇంత ఆరా తీసి, నోట్లో తెల్లమచ్చని వదిలేసేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ముప్పై దాటినవాళ్లకి బీపీ, షుగర్‌తో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ల పరీక్ష సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఆశా దీదీని అడగండి, ఏ రోజు రావాలో చెబుతుంది. ఒడియాలో నింపే ఫారం అయితే చదివించుకుని వేలిముద్ర వేయండి.

తిరువనంతపురంలో జరిగిన పెద్ద పరీక్షలో, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ల నోరు ఆరోగ్య కార్యకర్తలు క్రమం తప్పకుండా చూస్తే, నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది. ముంబైలో గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ రాసి చూసే పరీక్షతో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పొగాకు మాన్పించే సలహాతో నోటి మచ్చలు తగ్గుతాయా అని చూసిన పాత పరిశోధనకి తీసుకున్న మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, తగ్గుతాయని తేలింది. మన పక్క ఊళ్ల ఆడవాళ్లే ఆ లెక్కల్లో ఉన్నారు.

ఇంట్లో నోరు ఇలా చూసుకోండి. పగటి వెలుతురులో అద్దం ముందు కూర్చుని, బుగ్గల లోపలి వైపు వేలితో లాగి చూడండి. నాలుక ఒక పక్కకి, ఇంకో పక్కకి తిప్పండి. నాలుక కింద, చిగుళ్ల చుట్టూ చూడండి. అడ్డపొగ తాగే అత్తమ్మలు, నాయనమ్మలు ఉంటే తల వెనక్కి వాల్చి అంగిలి తప్పకుండా చూడాలి, నిప్పు లోపలికి పెట్టుకుంటే దెబ్బ తగిలేది అక్కడే. చెరిగిపోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వారాలకి మానని పుండు, మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు తెరుచుకోకపోవడం, వీటిలో ఏది ఉన్నా దంత డాక్టరు దగ్గరికి వెళ్లండి. మచ్చ నొప్పి పెట్టట్లేదని ఊరుకోకండి, తొలి దశలో అది నొప్పి పెట్టదు.

"మా పరిశోధనలో చేరండి" అని ఎవరైనా అడిగితే

మెడికల్ కాలేజీల్లో ఇలా అడగడం మామూలే. అందులో తప్పులేదు, పైన చెప్పిన లెక్కలన్నీ అలా చేరినవాళ్ల వల్లే తేలాయి. సంతకం పెట్టేముందు సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్‌ని, అంటే మనుషుల మీద చేసే పరీక్షల్ని, నమోదు చేసే చోటు) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, దాని సైట్లో కొట్టి చూడండి. 2019 నిబంధనల ప్రకారం మందుల ట్రయల్‌లో అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఒడియా చదవలేకపోతే తెలుగులో అడగండి. చదవడం రానివాళ్లకి, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు, అందుకని మీ మామూలు చికిత్స ఆపకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి.

ఎక్కువగా చేసే పొరపాట్లు

మాత్ర సగం చేసి మింగడం. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రని విరిస్తే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగొచ్చు.

రోజు మార్చి రోజు వేసుకోవడం. "తక్కువ వాడితే క్యాన్సర్ తక్కువ" అన్న లెక్క ఎక్కడా తేలలేదు, బీపీ మాత్రం పెరుగుతుంది.

వార్తలో పేరున్న మందు మాని, అదే మందు వేరే కంపెనీ పేరుతో కొనుక్కోవడం. టెల్మా ఆపి టెల్మికైండ్ తెచ్చుకుంటే లోపల ఉన్నది మళ్లీ టెల్మిసార్టానే.

మందు మాని పసరు మొదలుపెట్టి, డాక్టరుకి చెప్పకపోవడం.

పక్కింటివాళ్ల మార్పుని మనమూ చేసుకోవడం. వాళ్ల కిడ్నీ వేరు, మీ కిడ్నీ వేరు.

మార్చాక సరిగ్గా పనిచేస్తోందో చూసుకోవడం

డాక్టరు మందు మార్చితే వారం రోజులు పొద్దున, సాయంత్రం బీపీ రాయండి. అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, రెండుసార్లు చూసి రెండూ రాయాలి. టీ తాగిన వెంటనే, మెట్లెక్కి వచ్చిన వెంటనే చూసిన అంకె పనికిరాదు. షుగర్ మందు మారితే పరగడుపునా, తిన్న రెండు గంటలకీ చూడండి, మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయించండి. మొదట రాసిన మందుల కాగితం మీద పాత మందుని కొట్టేసి, తేదీ వేసి, కొత్తది రాయండి. కొట్టేసిన మందు స్ట్రిప్పులు ఇంట్లో ఉంచకండి, పొరపాటున రెండూ మింగుతారు.

కొత్త మందుతో దద్దుర్లు, వాపు, మూత్రంలో రక్తం లాంటివి కనపడితే డాక్టరుకి చెప్పడంతో పాటు మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి మీరే ఫోన్ చేయవచ్చు. నంబరు 1800-180-3024, ఉచితం. రోగులు నింపే ఫారం తెలుగులోనూ, ఒడియాలోనూ ఉంది. ఫోన్ చేసేటప్పుడు మందు అసలు పేరు, బ్యాచ్ నంబరు, ఏ తేదీన మొదలుపెట్టారు, ఏ తేదీన ఇబ్బంది వచ్చింది, దాంతోపాటు ఇంకేం వాడుతున్నారు అన్నవి దగ్గర పెట్టుకోండి, అవన్నీ అడుగుతారు.